తవుడు పొడా, తవుడు నూనా, క్యాప్సూలా, జొన్న రొట్టా: క్యాన్సర్ భయంతో కొనేముందు ఏది ఎంచుకోవాలి

రెండేళ్ల కిందట మా మేనమామకి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. కీమో కూడా పూర్తయి, ఇంటికొచ్చి కాస్త కుదుటపడ్డాక చూడ్డానికి వెళ్లాను. భోజనాల బల్ల మీద నాలుగు డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకదాంట్లో బియ్యం తవుడు పొడి, ఒకదాంట్లో ఐపీ6 అని రాసి ఉన్న క్యాప్సూల్స్, ఒకదాంట్లో విదేశాల నుంచి ఎవరో బంధువులు పంపిన తవుడు సారం పాకెట్లు, ఇంకోదాంట్లో గోధుమ తవుడు. వంటింట్లో నూనె కూడా మారింది, వేరుశెనగ నూనె పోయి తవుడు నూనె వచ్చింది.

"ఏమ్మా, నువ్వు ఫుడ్ టెక్నాలజీ చదివావు కదా. వీటిలో ఏది మంచిది? పోనీ అన్నీ వాడెయ్యనా?" అని అడిగారు మామయ్య. అత్తయ్య మాట్లాడలేదు గానీ నా మొహం వంకే చూస్తోంది. ఎవరేం చెప్పినా తెచ్చి పెడుతోంది కదా, ఏదైనా తప్పు చేస్తున్నానేమోనన్న టెన్షన్ ఆవిడది.

ఆ రోజు నాకు తోచింది చెప్పాను. తర్వాత తీరిగ్గా కూర్చుని చదివిందీ, డాక్టర్‌ని అడిగి తెలుసుకున్నదీ కలిపి ఇది రాస్తున్నాను. చాలా ఇళ్లలో ఇదే ప్రశ్న ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తవుడులో ఉన్న పదార్థాలు క్యాన్సర్ పరిశోధనలో నిజంగానే ఆశ పుట్టించేవి. కానీ వాటిని విడదీసి డబ్బాలో పెట్టి అమ్మేదానికంటే, తవుడు పోకుండా ఉన్న గింజని అన్నంగానో రొట్టెగానో తినడానికే ఇప్పటిదాకా మనుషుల్లో దొరికిన ఆధారం ఎక్కువ. అది కూడా ముఖ్యంగా పెద్దపేగు క్యాన్సర్ విషయంలో, అది రాకుండా చూసుకోవడంలో. వచ్చిన క్యాన్సర్‌కి తవుడు మందు కాదు.

తవుడులో ఏముంది

వడ్లు ఆడిస్తే ముందు ఊక పోతుంది. వంద కిలోల వడ్లలో ఇరవై కిలోల దాకా ఊకే. ఊక పోయాక మిగిలేది ముడి బియ్యం. దానికి పాలిష్ పట్టినప్పుడు రాలేది తవుడు, ఎనిమిది పది కిలోలు ఉంటుంది. చిన్నప్పుడు మా ఊరి మిల్లులో తవుడు పడే గొట్టం కింద చెయ్యి పెట్టేదాన్ని. వెచ్చగా, మెత్తగా, కొంచెం జిడ్డుగా అరచేతికి అంటుకునేది. తియ్యటి వాసన వచ్చేది. అదే తవుడుని గేదె కుడితిలో కలపడానికి తెచ్చి కొట్టంలో మూల పెడితే, మూడో రోజుకి మూట విప్పగానే పాత నూనె కంపు కొట్టేది. ఆ కంపుకి కారణం లైపేజ్ అనే ఎంజైమ్. గింజ లోపల నూనె ఒక అరలో, ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి. పాలిష్ రాపిడికి ఆ అరలు పగిలి రెండూ కలుస్తాయి. కొన్ని గంటల్లోనే నూనె పాడవడం మొదలవుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కొనేటప్పుడు పనికొస్తుంది.

ఆ జిడ్డులోనే గామా ఒరిజనాల్ ఉంటుంది. 1954లో జపాన్ వాళ్లు తవుడు నూనె నుంచి దీన్ని మొదటిసారి వేరు చేశారు. పీచు భాగంలో ఫెరూలిక్ ఆమ్లం, అరబినోజైలాన్ అనే ఒక రకం పీచు ఉంటాయి. ఇవి కాక ఫైటిక్ ఆమ్లం, అంటే డబ్బాల మీద ఐపీ6 అని రాసేది. ట్రిసిన్ అనే ఫ్లేవనాయిడ్ ఒకటి. గోధుమ, రై తవుడుల్లో ఆల్కైల్‌రిసార్సినాల్స్ ఉంటాయి, ఓట్స్‌లో అవెనాంత్రమైడ్స్ ఉంటాయి. నల్ల జొన్న, ఎర్ర జొన్న పై పొరలో ఒక ప్రత్యేకమైన రంగు పదార్థం ఉంటుంది, అమెరికాలో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లు దాని మీద చాలా పని చేశారు. మన తెల్ల జొన్నలో ఆ రంగు అంతగా ఉండదు.

వీటన్నిటిలో ఫెరూలిక్ ఆమ్లం కథ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతా లెక్క అంతా దాని మీద ఆధారపడి ఉంది. వంద గ్రాముల గోధుమ తవుడులో ఇది అర గ్రాము దాకా ఉంటుంది. కానీ అందులో తొంభై శాతానికి పైగా పీచుకి కుట్టేసినట్టు అతుక్కుని ఉంటుంది. మన పొట్టా, చిన్నపేగూ ఆ కుట్టు విప్పలేవు. పీచుతో పాటు అది పెద్దపేగు దాకా వెళ్తుంది. అక్కడున్న బ్యాక్టీరియా ఆ పీచుని పులియబెట్టి కుట్టు విప్పుతుంది. అంటే పీచు ఒక బండి లాంటిది, ఈ పదార్థాన్ని సరిగ్గా పెద్దపేగు దగ్గర దింపుతుంది. అదే పులియబెట్టడంలో బ్యూటిరేట్ అనే ఆమ్లం తయారవుతుంది. పెద్దపేగు గోడలోని కణాలకి ముఖ్యమైన ఆహారం అదే. ల్యాబ్‌లో చూస్తే మామూలు కణాలకి తిండి అయిన ఆ బ్యూటిరేటే, క్యాన్సర్ కణాల ఎదుగుదలకి అడ్డం పడుతుంది. తవుడు, క్యాన్సర్ అన్న పరిశోధనల్లో పెద్దపేగు పేరే ఎక్కువగా వినిపించడానికి కారణం ఇదే. రొమ్ము, ఊపిరితిత్తులు, మెదడు దాకా ఈ బండి వెళ్లదు.

ఎలుకల్లో ఏం కనిపించింది, మనుషుల్లో ఏం కనిపించింది

పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద పైన చెప్పిన పదార్థాల్లో దాదాపు దేన్ని పోసినా కణాలు ఎదగడం మానేస్తాయి, కొన్ని చచ్చిపోతాయి. "తవుడుతో క్యాన్సర్ కణాలు నాశనం" అని ఫోన్లో వచ్చే మెసేజ్‌లకి మూలం సాధారణంగా ఇవే. పళ్లెంలో పోసే మోతాదు మన రక్తంలోకి ఎప్పటికీ చేరకపోవచ్చు. అందుకే నేను ఆ మెట్టు మీద ఎక్కువసేపు ఆగను.

చిట్టెలుకల మీద చేసినవాటిలో ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం పని నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. పుట్టుకతోనే పేగులో పాలిప్‌లు, అంటే పేగు లోపలి గోడ మీద చిన్న బుడిపెలు, మొలిచే జాతి ఎలుకలకి 2005లో వాళ్లు మేతలో 0.2 శాతం ట్రిసిన్ కలిపి పెట్టారు. పాలిప్‌లు మూడో వంతు తగ్గాయి. 2007లో అదే బృందం ట్రిసిన్ ఒక్కటే కాకుండా తవుడునే మేతలో 30 శాతం కలిపి పెట్టింది. పాలిప్‌లు దాదాపు సగానికి తగ్గాయి. కానీ పీచు తగ్గించేసిన తవుడు పెడితే ఆ ఫలితం రాలేదు. రొమ్ము క్యాన్సర్, ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చే ఎలుకల్లో తవుడు వల్ల ఉపయోగం కనిపించలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోండి. మేతలో 30 శాతం అంటే, రోజుకి అర కిలో పొడి తిండి తినే మనిషి నూట యాభై గ్రాముల తవుడు తినాలి. ఏ మనిషీ అంత తినలేడు.

అమెరికాలో బండారు ఎస్. రెడ్డి అనే శాస్త్రవేత్త పెద్దపేగు క్యాన్సర్‌కీ తిండికీ ఉన్న సంబంధం మీద దశాబ్దాలు పని చేశారు. ఆయన బృందం 2000లో గోధుమ తవుడుని భాగాలుగా విడదీసి ఎలుకల్లో పరీక్షించింది. అక్కడ రక్షణలో నూనె భాగానికి ముఖ్యమైన పాత్ర ఉందని తేలింది. లెస్టర్ వాళ్లు పీచు లేకపోతే ఫలితం లేదంటున్నారు, రెడ్డి గారి బృందం నూనె ముఖ్యమంటోంది. గింజలు వేరు, ఎలుకలు వేరు కాబట్టి రెండూ నిజమే కావచ్చు. కానీ కొనేవాళ్లకి ఇందులో ఒక సూచన ఉంది. ఏ భాగం పని చేస్తోందో తెలిసినవాళ్లకే ఇంకా పూర్తిగా తేలనప్పుడు, ఒక భాగాన్ని మాత్రం విడదీసి అమ్మేవాళ్ల దగ్గర కొనడం కంటే మొత్తం తినడమే తెలివైన పని.

ఇక మనుషుల సంగతి. అమెరికాలోని అరిజోనాలో పాలిప్‌లు తీయించుకున్న 1,429 మందిని రెండు గుంపులు చేశారు. ఈ బుడిపెల్లో కొన్ని, ఏళ్ల తరబడి పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. ఒక గుంపుకి రోజూ 13.5 గ్రాముల గోధుమ తవుడు పీచు, ఇంకో గుంపుకి 2 గ్రాములు ఇచ్చారు. మూడేళ్ల దాకా చూశారు. 2000లో ఫలితం వచ్చింది. ఎక్కువ పీచు తిన్నవాళ్లలో 47 శాతం మందికి, తక్కువ తిన్నవాళ్లలో 51.2 శాతం మందికి పాలిప్‌లు మళ్లీ వచ్చాయి. ఆ తేడా లెక్కలోకి తీసుకోదగ్గది కాదని తేల్చారు. దానికి ముందు, 1995లో ఆస్ట్రేలియాలో చేసిన ప్రయత్నంలో కొవ్వు తగ్గించి, గోధుమ తవుడు కూడా తిన్నవాళ్లలో మాత్రం పెద్ద సైజు పాలిప్‌లు రాలేదు, చిన్నవి వచ్చాయి.

అంటే తవుడుని విడిగా చెంచాలతో తిన్నా మూడు నాలుగేళ్లలో స్పష్టమైన ఫలితం రాలేదు. కానీ లక్షల మంది ఏళ్ల తరబడి ఏం తిన్నారో, వాళ్లలో ఎవరికి జబ్బు వచ్చిందో చూసిన లెక్కలు వేరే కథ చెప్తున్నాయి. 2011లో అలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, రోజుకి 90 గ్రాముల పొట్టు తీయని ధాన్యం ఎక్కువ తినేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ 17 శాతం తక్కువగా కనిపించింది. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి సంస్థ కూడా పొట్టు తీయని ధాన్యం ఈ క్యాన్సర్ నుంచి రక్షించే అవకాశం బలంగానే ఉందని చెప్పింది. మామయ్య లాంటివాళ్లకి దగ్గరగా ఉన్న అధ్యయనం 2018లో వచ్చింది. అప్పటికే పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన 1,575 మందిని గమనిస్తే, ధాన్యం నుంచి వచ్చే పీచు రోజుకి 5 గ్రాములు ఎక్కువగా తిన్నవాళ్లలో ఆ జబ్బుతో చనిపోవడం మూడో వంతు తక్కువగా ఉంది.

ఇలాంటి అధ్యయనాలకి ఒక పరిమితి ఉంది. జొన్నలు, ఓట్స్ ఇష్టంగా తినేవాళ్లు సిగరెట్ తక్కువ తాగుతారు, నడుస్తారు, చెకప్‌లకి వెళ్తారు. ఎంత జాగ్రత్తగా లెక్క కట్టినా ఆ అలవాట్ల వాటా పూర్తిగా తీసెయ్యలేం. అయినా నష్టం తక్కువ, లాభానికి అవకాశం ఉంది, వంటింట్లోనే అయిపోతుంది కాబట్టి నా ఓటు ఇటే.

ఒక్కో డబ్బా విప్పి చూద్దాం

ఐపీ6 క్యాప్సూల్స్ ముందు. అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో అబుల్‌కలాం షంసుద్దీన్ అనే శాస్త్రవేత్త 1980ల నుంచి దీని మీద పని చేశారు. కణాల మీద, ఎలుకల మీద ఫలితాలు బాగున్నాయి. మనుషుల్లో చూస్తే, కీమో తీసుకుంటున్న రొమ్ము క్యాన్సర్ రోగుల మీద క్రొయేషియాలో చేసిన ఒక చిన్న పరీక్ష 2010లో వచ్చింది. అందులో ఉన్నవాళ్లు 14 మంది. ఐపీ6 తీసుకున్నవాళ్లకి నీరసం తక్కువగా ఉంది, తెల్ల కణాలు అంతగా పడిపోలేదు. గడ్డ కరిగిందని కాదు, కీమోని కాస్త తేలిగ్గా తట్టుకున్నారని. 14 మందిని చూసి వేల రూపాయలు ఖర్చు పెట్టమని నేను ఎవరికీ చెప్పలేను. పైగా ఫైటిక్ ఆమ్లం ఇనుమునీ, జింకునీ పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. ఆంధ్రాలో, తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉంది. ఆపరేషన్‌లో రక్తం పోయినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఈ డబ్బా పక్కన పెట్టమన్నాను.

విదేశీ పాకెట్లు, అంటే అరబినోజైలాన్ సారం. బియ్యం తవుడు పీచుని షిటాకే పుట్టగొడుగు ఎంజైమ్‌లతో చిన్న ముక్కలు చేసి తయారు చేస్తారు. జపాన్‌ది. రోగనిరోధక శక్తిలో భాగమైన ఎన్‌కే కణాలని చురుగ్గా చేస్తుందని పరిశోధనలు వచ్చాయి. వియత్నాంలో కాలేయ క్యాన్సర్ ఉన్న 68 మందికి మామూలు చికిత్సతో పాటు ఇస్తే, జబ్బు తిరగబెట్టడం కొంత తక్కువగా కనిపించింది. అప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్లకి ఇచ్చి పరీక్షించిన దాఖలా, ఐపీ6 కంటే దీనికి కాస్త ఎక్కువే. ఖరీదు కూడా దీనిదే ఎక్కువ. అయితే ఈ తరహా సరుకుని క్యాన్సర్ మందులా అమ్ముతున్నారని 2004లో అమెరికా ఫెడరల్ కోర్టు ఒక కంపెనీ అమ్మకాలు ఆపించింది. ఆధారం చాలకుండానే మందని చెప్పుకోవడం తప్పన్నది అక్కడ విషయం. ఇల్లు గడవడమే కష్టంగా ఉంటే దీని జోలికి వెళ్లొద్దు. స్తోమత ఉండి వాడదలిస్తే, పాకెట్ తీసుకెళ్లి ఆంకాలజిస్టుకి, అంటే క్యాన్సర్ డాక్టర్‌కి, చూపించాకే వాడండి. రోగనిరోధక శక్తి మీద పనిచేసే చికిత్సలు నడుస్తున్నప్పుడు సొంతంగా మొదలుపెట్టడం అస్సలు వద్దు.

తవుడు నూనె గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. తవుడు మంచిది కాబట్టి తవుడు నూనె కూడా అంతే అనుకుంటారు. నూనెలోకి వచ్చేది జిడ్డులో కరిగే ఒరిజనాల్, విటమిన్ ఇ లాంటివే. పీచు రాదు, ఐపీ6 రాదు, పీచుకి అతుక్కున్న ఫెరూలిక్ ఆమ్లం రాదు. పెద్దపేగు దాకా వెళ్లే ఆ బండి ఇందులో లేనే లేదు. క్షారంతో శుద్ధి చేసిన నూనెలో ఒరిజనాల్ కూడా చాలావరకు పోతుంది. భౌతిక పద్ధతిలో, అంటే ఆవిరితో శుద్ధి చేసినదాంట్లో నిలుస్తుంది. సీసా మీద ఒరిజనాల్ 10,000 పీపీఎం అని ఉంటే 1 శాతం అని అర్థం, ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 150 మిల్లీగ్రాములు. ఇది కొలెస్ట్రాల్ తగ్గించడంలో సాయపడుతుంది, దానికి మనుషుల్లో ఆధారం ఉంది. క్యాన్సర్ విషయంలో ఎలుకలు దాటి ముందుకి రాలేదు. కాబట్టి వంట నూనెగా వాడుకోండి, మంచి నూనే. క్యాన్సర్ కోసమని రోజుకి రెండు చెంచాలు ఎక్కువ పోసుకోవద్దు, బరువు పెరగడం ఒక్కటే మిగులుతుంది. బరువు పెరగడం వల్ల కూడా పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

బియ్యం తవుడు పొడి దగ్గర నాకు రెండు మనసులు. అన్నీ కలిసి ఉన్నది ఇదే: నూనె, పీచు, ఐపీ6, ట్రిసిన్, ఫెరూలిక్ ఆమ్లం. అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు పెద్దపేగు క్యాన్సర్ నుంచి కోలుకున్న కొద్దిమందికి రోజుకి 30 గ్రాముల చొప్పున, వేడి చేసి నిలవకి సిద్ధం చేసిన తవుడుని నాలుగు వారాలు తిండిలో కలిపి పెట్టారు. వాళ్లు ఇబ్బంది లేకుండా తినగలిగారు, పీచు పెరిగింది. అది జబ్బు తగ్గుతుందా అని చూసిన పరీక్ష కాదు, తినగలరా అని చూసినది.

కానీ తవుడులో మంచితో పాటు చెడు కూడా పోగవుతుంది. నేలలో, నీళ్లలో ఆర్సెనిక్ ఉంటే వరి దాన్ని పీల్చుకుంటుంది. తెల్ల బియ్యంలో కంటే తవుడులో అది చాలా ఎక్కువగా ఉంటుంది. అకర్బన ఆర్సెనిక్ క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది. తడి తగిలి బూజు పట్టిన తవుడులో అఫ్లాటాక్సిన్ చేరుతుంది, అది కాలేయ క్యాన్సర్‌కి కారణం. అందుకే మిల్లు నుంచి గోనె సంచిలో తెచ్చిన తవుడుని, పశువుల దాణాగా అమ్మేదాన్ని మనుషులు తినొద్దు. ఈ మాట నొక్కి చెప్తున్నాను, ఎందుకంటే మామయ్య డబ్బాలో ఉన్నది సరిగ్గా అదే. మూత తీసి వాసన చూశాను. నా చిన్నప్పటి కొట్టంలో వచ్చిన కంపే. ఎవరో తెలిసినవాళ్లు ప్రేమతో, "ఫ్రెష్‌గా మిల్లులో పట్టించాం" అని తెచ్చిచ్చారట. ఆ ఫ్రెష్‌నెస్ ఒక పూట కూడా ఉండదని వాళ్లకి తెలియదు. కొనేదే అయితే స్టెబిలైజ్డ్ (అంటే పాడవకుండా వేడి చేసి నిలవకి సిద్ధం చేసినది) అని రాసి, తయారీ తేదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉన్న చిన్న పాకెట్ కొనండి. గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. చేదుగా ఉన్నా, సబ్బు రుచి తగిలినా పారేయండి.

గోధుమ తవుడు చవక, పీచు ఎక్కువ. వంద గ్రాములకి నలభై గ్రాముల పైనే. ఆర్సెనిక్ బెంగ కూడా వరితో పోలిస్తే తక్కువ. కానీ ఒక పెద్ద చెంచా తవుడు నాలుగు గ్రాములు తూగితే గొప్ప, అందులో పీచు రెండు గ్రాములు కూడా రాదు. అరిజోనా వాళ్లు ఇచ్చినంత కావాలంటే రోజుకి ఏడెనిమిది చెంచాలు తినాలి. మలబద్ధకానికి ఒకటి రెండు చెంచాలు చపాతీ పిండిలో కలుపుకోవడం మంచి పనే. దాన్ని అంతవరకే అనుకోవాలి. గ్లూటెన్ పడనివాళ్లకి ఇది కుదరదు.

గింజే తినాలనుకుంటే ఏ గింజ

ఇక్కడ మన తెలుగు ఇళ్లకి నిజంగా పనికొచ్చే పోలిక ఉంది. తెల్ల బియ్యం మాని ముడి బియ్యం తింటే చాలని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు చూడండి. వంద గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 2.8 గ్రాములు. ముడి బియ్యంలో 4.4. జొన్నల్లో 10.2, రాగుల్లో 11.2, గోధుమ పిండిలో 11.4. మైదాలో మళ్లీ 2.8కి పడిపోతుంది.

అంటే పీచు కోసమే అయితే, ముడి బియ్యంతో కుస్తీ పట్టడం కంటే ఒక పూట అన్నం బదులు జొన్న రొట్టె తినడం రెండింతలకి పైగా ఎక్కువ ఇస్తుంది. మధ్యస్థంగా ఉండే రెండు రొట్టెలకి వంద గ్రాముల పిండి పడుతుంది. ఒక్క పూటలో ఏడు గ్రాముల పైచిలుకు పీచు అదనంగా వచ్చినట్టు. 2018 అధ్యయనంలో చూసిన 5 గ్రాముల తేడా ఇక్కడే దాటిపోతుంది, డబ్బా కొనే పని లేకుండా.

రాగులది ఇంకో సుగుణం. చోళ్లన్నా తైదలన్నా ఇవే. రాగి గింజ లోపలి భాగం మెత్తన, పై పొర దాన్ని గట్టిగా కరుచుకుని ఉంటుంది. బియ్యంలా పాలిష్ పట్టడం అంత తేలిక కాదు, అందుకే పొరతో సహా పిండి చేస్తారు. రాగి పిండికి ఉన్న ఆ ఎర్ర గోధుమ రంగు ఎక్కువగా ఆ పొరదే, పాలీఫినాల్స్ ఎక్కువగా ఉండేది కూడా అందులోనే. అంటే సంకటి తిన్నా జావ తాగినా తవుడు తిన్నట్టే. పిండి పట్టించాక జల్లించి పొట్టు పారేయకండి చాలు. కొర్రలు, సామలు కొనేటప్పుడు మాత్రం చూసుకోవాలి. మరీ తెల్లగా నున్నగా మెరుస్తుంటే బియ్యంలాగే పాలిష్ పట్టేసి ఉంటారు.

ఫైటిక్ ఆమ్లం ఇనుముని పట్టేస్తుందన్న బెంగ గింజల్లోనూ ఉంటుంది. దానికి మన పెద్దవాళ్ల వంటలోనే ఉపాయం ఉంది. రాగులు మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టించడం, అంబలిని రాత్రంతా పులియబెట్టడం, ఈ రెండూ ఫైటిక్ ఆమ్లాన్ని తగ్గిస్తాయి. రొట్టెతో పాటు ఉల్లిపాయ మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. ఐరన్ మాత్ర మాత్రం రొట్టెతో కలిపి వేసుకోవద్దు, రెండు గంటలు ఎడం పెట్టండి. థైరాయిడ్ మాత్ర కూడా రొట్టెతో కలిపి వద్దు, ఎంత ఎడం పెట్టాలో డాక్టర్‌ని అడగండి.

ఇవేవీ ఇప్పుడు వద్దనాల్సినవాళ్లు

కొందరికి పై సలహాలన్నీ తాత్కాలికంగా తప్పు. పేగు ఆపరేషన్ అయిన కొత్తలో, పొట్ట మీద సంచి పెట్టినప్పుడు, కడుపు కింది భాగానికి రేడియేషన్ నడుస్తున్నప్పుడు, పేగు ఇరుకైనప్పుడు డాక్టర్లు సాధారణంగా పీచు తగ్గించమంటారు. అప్పుడు మెత్తటి తెల్లన్నమే మంచిది. కీమోలో తెల్ల కణాలు పడిపోయి ఉంటే వండని తవుడు పొడి మజ్జిగలో కలుపుకు తాగడం ప్రమాదం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు తవుడులోని పొటాషియం గురించి ముందు డాక్టర్‌ని అడగాలి. సాంద్రీకరించిన యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ కీమో, రేడియేషన్ పనికి అడ్డం వస్తాయేమోనన్న అనుమానం డాక్టర్లలో చాలాకాలంగా ఉంది. చికిత్స నడుస్తున్నంతకాలం ఏ క్యాప్సూల్ అయినా వాళ్లకి చెప్పకుండా వాడొద్దు. చెప్తే తిడతారేమోనని దాచిపెట్టేవాళ్లు నాకు తెలుసు. పాకెట్ చూపించి అడగండి, అంతే.

ఇంకొకటి. 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో క్యాన్సర్ నయం చేస్తుందని ప్రకటన ఇవ్వడమే నేరం. డబ్బా మీదో, వాట్సాప్‌లో వచ్చిన వీడియోలోనో ఆ మాట కనిపిస్తే లోపలున్నది ఎంత మంచిదైనా ఆ అమ్మేవాళ్ల దగ్గర కొనకండి. చట్టానికి భయపడనివాళ్లు పాకెట్ లోపల ఏం పెట్టారో మనకెలా తెలుస్తుంది?

మామయ్య ఇంట్లో

ఆ రోజు కంపు కొట్టే తవుడు పొడి గేదెకి కూడా పెట్టొద్దని చెప్పి పెరట్లో గుంట తీసి పాతించాను. ఐపీ6 డబ్బా మూత పెట్టేశాం. విదేశీ పాకెట్లు తర్వాతి చెకప్‌కి తీసుకెళ్లారు. "ఇప్పుడు అవసరం లేదండీ, బాగా తినండి, నడవండి" అన్నారట డాక్టర్ గారు. గోధుమ తవుడు చపాతీ పిండిలోకి వెళ్లింది. తవుడు నూనె వంటింట్లోనే ఉంది, కాకపోతే ఇప్పుడు మామూలు నూనెలా కొలిచి పోస్తోంది అత్తయ్య.

ఆపరేషన్ అయి చాలాకాలమైంది కాబట్టి పీచు పెంచవచ్చని డాక్టర్ చెప్పాకే రొట్టె మొదలుపెట్టాం. మొదటి వారం రోజుకి ఒక్కటే, చిన్నది, పలచగా చేసి. కడుపు ఉబ్బరం లేదని చూసుకుని రెండో వారం నుంచి రెండు. నీళ్లు మాత్రం రోజుకి మూడు లీటర్లకి తగ్గొద్దని ఒక సీసా కొని బల్ల మీద, ఆ నాలుగు డబ్బాలు ఉన్న చోటే పెట్టాను.